దూరపు జింకకు ఏ కార్ట్రిడ్జ్: 6.5 క్రీడ్‌మూర్, .308, .270, .300 మాగ్నమ్

తమ్ముడూ, మిగతావాళ్లకు కూడా అర్థమవ్వాలి కాబట్టి నీ ప్రశ్నను ముందు రెండు ముక్కల్లో చెప్తాను. బెంగళూరు ఆఫీసు నుంచి హెచ్-1బి మీద డాలస్ వెళ్తున్నావు. అక్కడి టీమ్‌లో వేటకు వెళ్లేవాళ్లున్నారు, కొలరాడోలో మ్యూల్ డీర్ (పెద్ద చెవులుండే అక్కడి జింక) వేటకు నిన్నూ రమ్మంటున్నారు. 400, 500 గజాల నుంచి కొట్టాల్సి రావచ్చని ఒకాయన 6.5 క్రీడ్‌మూర్ కార్ట్రిడ్జ్ (అంటే బుల్లెట్, మందు, కేసు కలిసిన తూటా రకం) కాల్చే రైఫిల్ కొనమన్నాడు. ఇంకొకాయన .308 చాలన్నాడు. మూడో ఆయన .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ లేకుండా కొండెక్కడం దండగ అన్నాడు. నువ్వేమో ఇక్కడి క్లబ్బులో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ తప్ప మరొకటి పట్టుకోలేదు. వీటిలో ఏది కొనాలన్నది నీ ప్రశ్న, .270, .30-06, .243ల సంగతి కూడా అడిగావు.

జవాబు ముందే ఇచ్చేస్తా. కొత్తగా కొనేటట్టయితే 6.5 క్రీడ్‌మూర్ కొను. ఎవరైనా .308 గానీ .270 గానీ అరువిస్తే దాంతోనే వెళ్లు, డబ్బులు మిగుల్తాయి. .300 జోలికి మాత్రం మొదటి రెండు మూడేళ్లు పోకు. నేను టెక్సాస్‌లో చాలా ఏళ్లు ఉండి, ఈ రకాల రైఫిళ్లతోనే వేటాడి, ఇప్పుడు వైట్‌ఫీల్డ్‌లో కూర్చుని ఇది రాస్తున్నా. అమ్మేవాళ్ల మాట కాదిది.

కార్ట్రిడ్జ్ సంగతికి ముందు చట్టం. మన దేశంలో జింక వేట అన్న మాటే లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇప్పుడు దుప్పి అయినా కణితి అయినా కృష్ణజింక అయినా, వేటాడితే జైలే. ఈ కింద రాసిందంతా అమెరికాలో లైసెన్సుతో, సీజన్‌లో చేసే వేట గురించి మాత్రమే. అక్కడ కూడా నీకో మెలిక ఉంది. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్-1బి, ఎఫ్-1 లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదు. అందులో ఉన్న మినహాయింపుల్లో మనవాళ్లకు పనికొచ్చేది, అక్కడి ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్. చెల్లుబాటులో ఉండాలన్న ముక్క గట్టిగా గుర్తుపెట్టుకో. టెక్సాస్ మామూలు హంటింగ్ లైసెన్స్ ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో అయిపోతుంది. సెప్టెంబర్ 1న కొత్తది లేకుండా ఇంట్లో రైఫిల్ ఉందంటే వీసాకే ఎసరు. అందుకే ముందు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు, తర్వాత లైసెన్స్, ఆ తర్వాతే రైఫిల్. కోర్సును తేలిగ్గా తీసుకోకు. టెక్సాస్‌లో 1971 సెప్టెంబర్ 2న, ఆ తర్వాత పుట్టినవాళ్లందరికీ, కొలరాడోలో 1949 జనవరి 1 నుంచి పుట్టినవాళ్లందరికీ అది తప్పనిసరి. కొనే ముందు ఒకసారి ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడు, ఆ ఫీజు దగ్గర కక్కుర్తి పడకు. కొలరాడోలో జింక లైసెన్స్ డ్రాలో రావాలి, దానికి దరఖాస్తు ఏప్రిల్ మొదట్లోనే ముగిసిపోతుంది. శరదృతువులో వేటకు వేసవికి ముందే పని మొదలుపెట్టాలన్నమాట.

ఇక అసలు విషయం. నువ్వు అడిగిన పేర్లలో ఏదీ జింకకు తక్కువైంది కాదు. .30-06 పుట్టింది 1906లో, .270 విన్‌చెస్టర్ 1925లో, .308 1952లో, .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ 1963లో, 6.5 క్రీడ్‌మూర్ 2007లో. కొలరాడో నియమం ఏమంటుందంటే జింకకు వాడే రైఫిల్ కనీసం .24 క్యాలిబర్ (బుల్లెట్ మందం, అంగుళాల్లో) ఉండాలి, బుల్లెట్ విచ్చుకునే రకమై కనీసం 70 గ్రెయిన్లు (బుల్లెట్ బరువు కొలత) ఉండాలి, 100 గజాల దగ్గర 1000 అడుగు-పౌండ్ల శక్తి ఉండాలి. పైన చెప్పినవన్నీ ఆ గీతను సునాయాసంగా దాటేస్తాయి. కాబట్టి 'ఇది చంపుతుందా, అది చంపుతుందా' అన్న వాదనలో టైమ్ వేస్ట్ చేసుకోకు. దూరం పెరిగేకొద్దీ తేడా తెచ్చేవి మూడు. బుల్లెట్ ఆకారం, గాలి, నీ భుజం. కార్ట్రిడ్జ్ పేరు వీటి తర్వాతే వస్తుంది.

ఇది ఉత్తి మాట కాదు, ఒకే రైఫిల్‌తో చూపిస్తా. .308 తీసుకో. షాపులో రెండు డబ్బాలున్నాయి. ఒకటి పాతకాలపు 150 గ్రెయిన్ల సాఫ్ట్ పాయింట్ (ముక్కు దగ్గర మెత్తటి సీసం బయటికి కనపడే బుల్లెట్), గొట్టం నుంచి సెకనుకు 2820 అడుగుల వేగంతో బయల్దేరుతుంది. రెండోది సన్నటి పాలిమర్ ముక్కు, పడవ అడుగులా సన్నబడ్డ తోక ఉన్న 178 గ్రెయిన్ల బుల్లెట్, బయల్దేరేది 2600 దగ్గరే. డబ్బా మీద అంకె చూసి ఎవరైనా మొదటిదే జోరైందనుకుంటారు. 400 గజాల దగ్గరికి వెళ్లేసరికి మొదటిది 1775 అడుగులకు పడిపోతుంది. రెండోది అక్కడ ఇంకా 2000 దాటి ఉంటుంది, 500 గజాల దగ్గర కూడా దాదాపు 1900. మొదట్లో 220 అడుగులు వెనకబడ్డది చివరికి ముందుకొచ్చేసింది. గాలిని చీల్చుకుని వెళ్లే ఈ గుణాన్ని బాలిస్టిక్ కోఎఫిషెంట్ అంటారు, డబ్బా మీద గానీ కంపెనీ సైట్‌లో గానీ రాసి ఉంటుంది. మామూలు సాఫ్ట్ పాయింట్లకు 0.3 చిల్లర, దూరానికి చేసినవాటికి 0.55 నుంచి 0.65 వరకు. (గజం అంటే మనం ప్లాట్లు కొలిచే గజమే, మూడడుగులు. కంగారు పడకు.)

ఇప్పుడు అడ్డంగా గంటకు పది మైళ్ల గాలి వీస్తోందనుకో. 400 గజాల దగ్గర ఆ సాఫ్ట్ పాయింట్ పక్కకు ఇరవై అంగుళాల దాకా కొట్టుకుపోతుంది. 6.5 క్రీడ్‌మూర్ 143 గ్రెయిన్ల బుల్లెట్ తొమ్మిది అంగుళాల దగ్గర ఆగుతుంది. కొండల్లో గాలిని ఎవడూ సరిగ్గా అంచనా వెయ్యలేడు. పది అనుకుంటే ఐదు ఉంటుంది, ఐదు అనుకుంటే పది. అంత చిన్న తప్పుకే సాఫ్ట్ పాయింట్ పది అంగుళాలు పక్కన తగుల్తుంది, క్రీడ్‌మూర్ నాలుగున్నర. జింకకు గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు ఎనిమిది నుంచి పది అంగుళాల వెడల్పు. మధ్యలో గురిపెట్టావంటే అటు ఇటు నీకున్న వీలు నాలుగైదు అంగుళాలే. అంటే అదే తప్పుకు ఒకడి జింక అక్కడే పడిపోతుంది, ఇంకొకడిది పొట్టలో దెబ్బతో చీకటిదాకా పరుగెత్తి ఎక్కడో పొదల్లో నరకం చూస్తుంది. మిత్రుల వాదనలన్నీ పక్కన పెట్టి ఈ ఒక్క లెక్క చూసినా క్రీడ్‌మూర్‌కు ఎందుకంత పేరొచ్చిందో తెలుస్తుంది. అందులో మంత్రమేమీ లేదు. పొడుగాటి బుల్లెట్‌ను తిప్పడానికి వీలుగా మొదటి నుంచీ లోపలి గాళ్లు ఎనిమిది అంగుళాలకు ఒక చుట్టు తిరిగే బ్యారెల్ పెట్టారు, కేసు పొడుగు తగ్గించి బుల్లెట్‌కు చోటు వదిలారు. అంతే.

.300 సంగతి ఇక్కడే చెప్పాలి. మంచి 200 గ్రెయిన్ల బుల్లెట్ వేసిన .300 అదే గాలిలో 400 గజాల దగ్గర ఎనిమిదిన్నర అంగుళాలు పక్కకు పోతుంది. క్రీడ్‌మూర్ తొమ్మిది. అర అంగుళం తేడా! అదే .300లో మామూలు 180 గ్రెయిన్ల సాఫ్ట్ పాయింట్ వేస్తే పన్నెండు అంగుళాలు పోతుంది, అంటే క్రీడ్‌మూర్ కంటే అధ్వాన్నం. శక్తి విషయానికొస్తే .300దే పైచేయి, ఒప్పుకుంటా. ఎల్క్ (జింక జాతిలోనే చాలా పెద్దది) కొట్టేవాడికి అది కావాలేమో. జింకకు అక్కర్లేదు. ఈ అర అంగుళానికి నువ్వు చెల్లించే ధర ఎంతో చూడు. ఎనిమిది పౌండ్ల రైఫిల్‌లో క్రీడ్‌మూర్ వెనక్కి తన్నే శక్తి 13 అడుగు-పౌండ్ల చిల్లర, .308ది 18 దగ్గర, .300ది 30 దగ్గర. రెట్టింపు పైమాటే.

ఆ తన్నుడు వల్ల భుజం నొప్పి పుడుతుందని కాదు నా బాధ. నొప్పి రెండ్రోజుల్లో పోతుంది, భయం పోదు. రేంజ్‌లో చిన్న పరీక్ష ఒకటి ఉంది. నీ రైఫిల్‌ను స్నేహితుడికిచ్చి నీకు కనపడకుండా లోడ్ చెయ్యమను. ఒకసారి నిజమైన తూటా, ఒకసారి ఉత్తుత్తి డమ్మీ, ఏది ఎప్పుడో నీకు తెలియకూడదు. డమ్మీ వచ్చినప్పుడు ట్రిగ్గర్ 'టిక్' మంటుంది, తుపాకీ పేలదు. అప్పుడు గొట్టం కొస చూడు. భయం లేనివాడి గొట్టం రాయిలా ఉంటుంది. భయం పట్టుకున్నవాడి గొట్టం ముక్కు కిందికి వంగుతుంది, కళ్లు గట్టిగా మూసుకుపోతాయి, భుజం ముందుకు తోస్తుంది, పేలనే లేదు కదా అని వాడే సిగ్గుతో నవ్వుతాడు. పేలినప్పుడు కూడా వాడు చేస్తున్నది అదే, కాకపోతే ఆ చప్పుడులో కనపడదు. .300తో మొదలుపెట్టినవాళ్లలో ఇది నేను చూసినంతగా మరెక్కడా చూడలేదు. మజిల్ బ్రేక్ (గొట్టం కొసన బిగించి, గ్యాస్‌ను పక్కలకు వదిలే ముక్క) పెట్టుకుంటే తన్నుడు తగ్గుతుంది, నిజమే. చప్పుడు మాత్రం చెవులు పగిలేలా ఉంటుంది, పక్కన కూర్చున్న గైడ్ తిట్టుకుంటాడు. ఏ రైఫిల్ అయినా చెవులకు రక్షణ లేకుండా ఒక్క రౌండు కూడా కాల్చకు.

నీ ఎయిర్ రైఫిల్ అనుభవాన్ని తక్కువ చేసుకోకు. మందుతో పేలే రైఫిల్ కంటే ఎయిర్ రైఫిల్‌లో పెల్లెట్ గొట్టంలోంచి బయటపడటానికి ఎక్కువ సేపు పడుతుంది. అందుకే అక్కడ ట్రిగ్గర్ నొక్కాక కూడా కదలకుండా గురి మీదే ఉండటం నేర్పుతారు. ఆ అలవాటు ఉన్నవాడు తన్నుడు తక్కువున్న రైఫిల్‌కు మారితే నాలుగు వారాంతాల్లో కుదురుకుంటాడు. ఆ అలవాటును .300 వారంలో చెడగొట్టేస్తుంది. వెళ్లేలోపు ఇక్కడే రోజూ పది నిమిషాలు క్లబ్బు రైఫిల్‌తో పెల్లెట్ లేకుండా డ్రై ఫైర్ చెయ్యి. నిలబడి కాదు, కూర్చుని, మోచేతులు మోకాళ్ల మీద ఆనించి. కొలరాడోలో సేజ్‌బ్రష్ పొదలు నడుం దాకా ఉంటాయి, బోర్లా పడుకుంటే ఎదురుగా ఆకులే కనిపిస్తాయి.

బుల్లెట్ కిందికి పడటం గురించి కొత్తవాళ్లు ఎక్కువ బెంగపడతారు. అది అంత పెద్ద సమస్య కాదు. 200 గజాలకు జీరో చేస్తే, అంటే ఆ దూరంలో గురిపెట్టిన చోటే గుండు తగిలేలా స్కోప్ సర్దితే, 500 గజాల దగ్గర క్రీడ్‌మూర్ 45 అంగుళాలు పడుతుంది, 178 గ్రెయిన్ల .308 ఇంచుమించు 51, .300 నలభై. ఏదైనా సరే స్కోప్ టరెట్ (గురిని పైకీ కిందికీ జరిపే గుబ్బ) తిప్పాల్సిందే, లేజర్ రేంజ్‌ఫైండర్ ఉండాల్సిందే. 500 గజాలను 475 అనుకుంటే ఒక్క ఆ పొరపాటుకే నాలుగైదు అంగుళాలు కిందికి తగుల్తుంది. కాబట్టి రైఫిల్ మీద మిగిల్చిన డబ్బు రేంజ్‌ఫైండర్ మీద పెట్టు. పడే దూరం లెక్క ప్రకారం వస్తుంది, ఫోన్‌లో బాలిస్టిక్ లెక్కలు కట్టే యాప్ చెప్పేస్తుంది. గాలి ఏ లెక్కకూ లొంగదు. నీ దగ్గర గాలి మీటర్ ఐదు చూపిస్తుంటే లోయ మధ్యలో పన్నెండు ఉండొచ్చు, అవతలి గట్టు మీద అసలు లేకపోవచ్చు.

ఇంకో విషయం చాలామంది మర్చిపోతారు. వేట బుల్లెట్ తగిలాక విచ్చుకోవాలి. విచ్చుకోవాలంటే తగిలే చోట కనీస వేగం ఉండాలి. మామూలు సాఫ్ట్ పాయింట్లకు, పూర్తి రాగి బుల్లెట్లకు ఆ గీత 1800 నుంచి 2000 అడుగుల మధ్య వేసుకో. దూరానికి చేసిన పాలిమర్ ముక్కు బుల్లెట్లు కొన్ని 1600 దాకా పనిచేస్తాయని తయారీదారులే చెప్తారు. ఆ 150 గ్రెయిన్ల .308 సాఫ్ట్ పాయింట్ 400 గజాలకే 1775 అన్నాను కదా, అక్కడితో దాని కథ అయిపోయింది. క్రీడ్‌మూర్ 143 గ్రెయిన్లది 500 గజాల దగ్గర 2030. విచ్చుకోని బుల్లెట్ సూదిలా దూరి వెళ్లిపోతుంది, జింక కిలోమీటరు నడిచాక గానీ పడదు. కాలిఫోర్నియాకు ఎప్పుడైనా వెళ్తే గుర్తుంచుకో, 2019 జూలై 1 నుంచి అక్కడ వేటకు సీసం లేని బుల్లెట్లే వాడాలి. అంటే రాగే, అంటే దూరం ఇంకాస్త తగ్గించుకోవాలి.

.270 మీద నాకు పక్షపాతం ఉంది, దాచుకోను. 130 గ్రెయిన్ల బుల్లెట్‌ను 3060 అడుగులతో పంపే ఈ ముసలిది 300 గజాల వరకు ఎవరికీ తీసిపోదు. టరెట్ ముట్టుకోకుండా వీపు గీత దగ్గర పట్టుకుని కాల్చినా గుండెల్లో తగుల్తుంది. దాని ఇబ్బందల్లా మామూలుగా పది అంగుళాలకు ఒక చుట్టు తిరిగే బ్యారెల్ వస్తుంది, 150 గ్రెయిన్లు దాటిన పొడుగాటి బుల్లెట్లను అది స్థిరంగా తిప్పలేదు. 400 దాటాక అక్కడ వెనకబడుతుంది. .243 అడిగావు కాబట్టి ఒక్క మాట. 100 గ్రెయిన్ల మామూలు బుల్లెట్‌తో 300 గజాల దగ్గర 1089 అడుగు-పౌండ్లు, 400 దగ్గర 882. టెక్సాస్ జింకకు ముచ్చటైనది, కొలరాడో దూరాలకు వద్దు. 2018లో వచ్చిన 6.5 పీఆర్‌సీ, 2022లో వచ్చిన 7 ఎంఎం పీఆర్‌సీ మంచివే. పల్లెటూరి షాపులో తూటాలు దొరకడం మాత్రం .308, .30-06, .270, క్రీడ్‌మూర్ అంత సులువు కాదు. విమానంలో నీ బ్యాగు తప్పిపోయినప్పుడు తెలుస్తుంది దీని విలువ.

ఎత్తు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే నువ్వు ప్రాక్టీసు చేసేది డాలస్‌లో. డాలస్ సముద్రమట్టానికి 400 చిల్లర అడుగులు. మన బెంగళూరే 3000 అడుగులు. కొలరాడోలో మ్యూల్ డీర్ తిరిగే చోటు 8000 అడుగులు కావచ్చు. అక్కడ గాలి పల్చన, బుల్లెట్‌కు అడ్డు తక్కువ. డాలస్ లెక్కతో 500 గజాల మీద కాలిస్తే రెండు మూడు అంగుళాలు పైన తగుల్తుంది. యాప్‌లో ఎత్తు మార్చి, కొండ మీద దిగిన రోజే ఒకసారి జీరో సరిచూసుకో.

అన్నట్టు డాలస్‌లో ఉంటూ వేట కోసం కొలరాడో దాకా ఆగక్కర్లేదు, మొదటి జింకను టెక్సాస్‌లోనే కొట్టు. హిల్ కంట్రీలో మన చుక్కల దుప్పే ఉంది, అక్కడ యాక్సిస్ డీర్ అంటారు. 1930లలో తెచ్చి వదిలారు, ఇప్పుడు మందలు మందలు. అది అక్కడి జంతువు కాదు కాబట్టి సీజన్ లేదు, ఎన్ని కొట్టాలన్న పరిమితీ లేదు. లైసెన్సు, భూమి యజమాని అనుమతి ఉంటే చాలు. నాగర్‌హోళెలో జీపులోంచి ఫోటో తీసుకునే జంతువును అక్కడ గడ్డి తినేస్తోందని రాంచ్ వాళ్లు తిట్టుకుంటుంటారు, వినడానికి మనకు విడ్డూరంగా ఉంటుంది. దూరాలు వంద, నూటయాభై గజాలే. మాంసం తెల్లతోక జింక కంటే బాగుంటుంది, ఇది నా ఒక్కడి మాట కాదు. అక్కడ ఏ కార్ట్రిడ్జ్ అయినా ఒకటే, నీ చేతులు వణకడం ఎలా ఉంటుందో తెలుస్తుంది, పడ్డాక కొయ్యడం తెలుస్తుంది. ఒహాయో స్నేహితుడు పిలిస్తే మాత్రం క్రీడ్‌మూర్ పట్టుకెళ్లకు. అక్కడ జింకకు రైఫిల్ అంటే నిటారు కేసు (మెడ దగ్గర సన్నబడని కేసు) కార్ట్రిడ్జ్‌లే, .350 లెజెండ్, .450 బుష్‌మాస్టర్ లాంటివి. ఒక్కో రాష్ట్రం రూల్‌బుక్ ఒక్కోలా ఉంటుంది, ప్రతి ఏటా చదువుకోవాలి.

ఇక 400, 500 గజాలన్న మాట. అది కార్ట్రిడ్జ్ తేల్చే దూరం కాదు. ఎనిమిది అంగుళాల ఇనుప ప్లేటు తీసుకో. కాసేపు కొండెక్కి ఆయాసపడుతూ వచ్చి, బ్యాగు మీదో కర్రల మీదో ఆనించి, చల్లగా ఉన్న గొట్టంతో మొదటి గుండు కాల్చు. ఒకటే. వేరే రోజు మళ్లీ ఒకటే. ఏ దూరంలో ఆ మొదటి గుండు ప్రతిసారీ ప్లేటుకు తగుల్తుందో అదీ నీ దూరం. నీలా మొదటి ఏడాది వాళ్లకు అది 250, బాగా కష్టపడితే 300 వస్తుంది. తక్కువని చిన్నబుచ్చుకోకు. 400 గజాలు చేరడానికి క్రీడ్‌మూర్ బుల్లెట్‌కు అర సెకను పడుతుంది. ఆ అర సెకనులో మేస్తున్న జింక ఒక అడుగు ముందుకు వేసిందంటే గుండెకు పెట్టిన గురి పొట్టలో దిగుతుంది. ప్రపంచంలో ఏ మాగ్నమూ దానికి మందు కాదు. అందుకే బాగా అనుభవం ఉన్నవాళ్లు 500 గజాల జింక కనపడితే ముందు చూసేది గాలి ఎటు నుంచి వస్తుందో, చాటున ఏ వాగులోంచి 250కి పాకగలమో.

కొనేటప్పుడు రెండు మూడు చిన్న విషయాలు. రైఫిల్ స్కోప్‌తో కలిపి ఎనిమిది, తొమ్మిది పౌండ్లుండేలా చూసుకో, మరీ ఆరు పౌండ్ల కొండ రైఫిల్ క్రీడ్‌మూర్‌లో కూడా గట్టిగానే తంతుంది. స్కోప్ 3-15 (మూడు నుంచి పదిహేను రెట్లు పెద్దగా చూపేది) లాంటిది చాలు, టరెట్ తిప్పి మళ్లీ వెనక్కి తెస్తే సరిగ్గా అదే చోటికి రావాలి, ఆ ఒక్కదాంట్లో రాజీ పడకు. వేటకు వాడే బుల్లెట్‌నే ప్రాక్టీసుకూ వాడు. చవకని వేరే డబ్బా కొని దాంతో జీరో చేస్తే అది ఆ డబ్బాకు జీరో అవుతుంది, వేట బుల్లెట్‌కు కాదు. ఐదారు డబ్బాలు ఒకేసారి తీసుకో, మూత మీద లాట్ నంబర్ (ఏ విడతలో తయారైందో చెప్పేది) అన్నింటికీ ఒకటే ఉందో లేదో కౌంటర్ దగ్గరే చూసుకో.